ముందు నీళ్లు, తర్వాత ఆసుపత్రి

(మందుల ఫ్యాక్టరీల పక్కనున్న ఒక ఊరిలో, రాత్రిపూట చదువుకుంటున్న అక్కచెల్లెళ్లకు ఒక నర్సమ్మ చెప్పిన మాటలు ఇవి. ఆమె ఫ్యాక్టరీల ఫస్టెయిడ్ గదుల్లో చాలా ఏళ్లు పని చేశారు.)



పొద్దంతా పని చేసి వచ్చారు. ఇంటికెళ్లి పొయ్యి వెలిగించాలి. అయినా పలకా పుస్తకం పట్టుకుని ఇక్కడ కూచున్నారు. తొందరగా ముగిస్తానని చెప్పాలనే ఉంది. కాని ఈ సంగతి కొంచెం సేపు పడుతుంది. ఓపిక పట్టండి.

మందుల ఫ్యాక్టరీకి పోయేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. రొయ్యల ప్లాంటుకి పోయేవాళ్లు? ఆసుపత్రుల్లో, స్కూళ్లలో బాత్రూములు కడిగేవాళ్లు? సున్నాలు వేసేవాళ్లు? చేనుకి మందు కొట్టేవాళ్లు? చూశారా, ఇప్పుడు ఎత్తని చెయ్యి లేదు.

నల్లబల్ల మీద రెండు మాటలు రాశాను. చదవండి. "ఐ వాష్." ఇంకొకటి? "సేఫ్టీ షవర్." బాగా చదివారు. ఐ అంటే కన్ను. వాష్ అంటే కడగడం. కన్ను కడిగే కుళాయి అన్నమాట. షవర్ అంటే పైనుంచి నీళ్లు జల్లుగా పడేది. ఒంటి మీద యాసిడ్ పడితే దాని కింద నిలబడాలి.

ఫ్యాక్టరీకి పోయేవాళ్లు వీటిని రోజూ చూస్తూనే ఉంటారు. పసుపుపచ్చ గిన్నె ఒకటి ఉంటుంది. నడుం కన్నా కొంచెం ఎత్తులో ఉంటుంది. అందులో పైకి చూసే రెండు చిన్న ముక్కులు ఉంటాయి. పక్కన ఒక రేకు ఉంటుంది. దాన్ని అరచేత్తో తోస్తే రెండు ముక్కుల నుంచి నీళ్లు పైకి చిమ్ముతాయి. మనం వంగి రెండు కళ్లూ ఆ నీళ్లలో పెట్టాలి. దాని మీదే ఒక పెద్ద జల్లెడ లాంటిది ఉంటుంది. దానికి కడ్డీ వేలాడుతుంది. కడ్డీ చివర మూడు మూలల పిడి. లాగితే పైనుంచి నీళ్లు పడతాయి. దగ్గర్లో ఆకుపచ్చ బోర్డు ఉంటుంది.

చూస్తారు గాని, ఎందుకో చాలామందికి తెలియదు. ఒకచోట దాన్ని చేతులు కడుక్కునే కుళాయి అనుకున్నారు. మా ఫ్యాక్టరీలో ఒకాయన రోజూ దాని గిన్నెలో టిఫిన్ క్యారేజీ పెట్టేవాడు. చల్లగా ఉంటుందట!

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది నేను చేసిన తప్పు గురించి.

చాలా ఏళ్ల కిందటి మాట. నేను ఉద్యోగంలో చేరి రెండో ఏడు. ఆ ఫ్యాక్టరీ పేరు చెప్పను. ఆమె పేరూ చెప్పను. ఆమె ఇంకా ఉంది. ఎప్పుడైనా బస్సులో కనిపిస్తుంది కూడా.

ఆమె హౌస్ కీపింగులో పని చేసేది. కాంట్రాక్టు మనిషి. నేల మీద జిడ్డు పోవడానికి కాస్టిక్ సోడా బిళ్లలు బకెట్లో వేసి నీళ్లు కలపమన్నారు. కాస్టిక్ నీళ్లలో పడితే పొయ్యి మీద పెట్టినట్టు వేడెక్కుతుంది. అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎక్కువ బిళ్లలు ఒక్కసారే వేసింది. నీళ్లు చిటపటలాడి ఎగిరాయి. కుడి కంట్లో పడ్డాయి. కళ్లకు పెట్టుకునే గాగుల్స్ ఉన్నాయి. అందరికీ కలిపి ఒకటే. అది సూపర్వైజరు సొరుగులో ఉంది.

పక్కనున్నవాళ్లు ఏం చేశారు? ఇంట్లో నలక పడితే మనం ఏం చేస్తామో అదే చేశారు. ఒకామె చీర చెంగు ఉండ చుట్టి, నోటితో ఊది, వెచ్చగా కంటికి ఒత్తింది. ఇంకొకామె నలపమంది. పెద్దావిడ ఒకామె, బాలింత ఎవరైనా ఉంటే చనుబాలు వెయ్యాలి అంది. వాళ్లది తప్పనలేను. ప్రేమతోనే చేశారు. కాని ఆ కాసేపట్లో కాస్టిక్ తన పని తాను చేసుకుపోయింది.

అప్పుడు ఎవరికో ఐ వాష్ గుర్తొచ్చింది. పాతిక అడుగుల్లోనే ఉంది. దాని ముందు బస్తాలు పేర్చారు. బస్తాలు జరిపారు. రేకు తోశారు. బుస్సుమని గాలి వచ్చింది. నీళ్లు రాలేదు. వెనక వాల్వు కట్టేసి ఉంది. కుళాయి కారుతోందని ఎవరో కట్టేశారట. బాగుచేయడం మరిచిపోయారు.

అక్కడినుంచి మెట్లు దిగి నా గదికి తెచ్చారు. నేను సెలైన్ బాటిల్ విప్పి కన్ను కడిగాను. రెండు బాటిళ్లు అయ్యాయి. రెండు మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆమె ఏడుపు తగ్గింది. "మంట తగ్గిందమ్మా" అంది. నేను సంతోషించాను. మందు పూసి, దూది పెట్టి, కట్టు కట్టి, వ్యాను ఎక్కించాను. తొందరగా ఆసుపత్రికి పంపడమే గొప్ప అనుకున్నాను.

ఆసుపత్రి 40 నిమిషాల దూరం. నేనూ వెంట వెళ్లాను. కట్టు విప్పుతూ డాక్టరమ్మ నన్ను అడిగిన మొదటి మాట ఇది: "ఎంతసేపు కడిగారు?"

నేను రెండు బాటిళ్లు అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఒక చిన్న రంగు కాగితం ముక్క తీసి కంటి నీటికి తాకించింది. కాగితం నీలంగా మారింది. "కాస్టిక్ ఇంకా కంట్లోనే ఉంది. దారి పొడుగునా ఇది కాలుతూనే వచ్చింది" అంది. మళ్లీ కడగడం మొదలుపెట్టారు. చాలాసేపు కడిగారు. కాని అప్పటికే నల్లగుడ్డు మీది అద్దం లాంటి పొర ఉడికిన గుడ్డు తెల్లసొన లాగా అయింది. ఆ కంటికి చూపు రాలేదు.

మంట తగ్గిందని నేను సంతోషించాను చూడండి, అది మంచి గుర్తు కాదు. కంట్లో నొప్పి తెలిపే నరాలు కూడా కాలిపోతే మంట తగ్గుతుంది. ఆ సంగతి నాకు ఆ రోజు తెలిసింది. నర్సు చదువు చదివిన నాకే!

కాస్టిక్ అంత చెడ్డదా, యాసిడ్ కన్నా చెడ్డదా అని మీరు అడగొచ్చు. డ్వాక్రా సంఘంలో సబ్బుల తయారీ నేర్చుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా. నూనెలో కాస్టిక్ నీళ్లు పోస్తే ఏమవుతుంది? సబ్బు అవుతుంది. మన కంటి పొరల్లో కూడా సన్నటి కొవ్వు ఉంటుంది. కాస్టిక్ దాన్నీ అట్లాగే సబ్బు చేస్తుంది. కరిగించుకుంటూ లోపలికి పోతుంది. యాసిడ్ పడితే పై పొర పాలు విరిగినట్టు విరిగి గడ్డకడుతుంది. ఆ గడ్డ కొంతవరకు అడ్డం నిలుస్తుంది. అట్లాగని యాసిడ్ మంచిదని కాదు, అదీ కన్ను తీస్తుంది. కాని కాస్టిక్, సున్నం, అమ్మోనియా ఇవి ఆగవు. నీళ్లతో కడిగి బయటికి పంపితేనే ఆగుతాయి.

అందుకే 15 నిమిషాలు అని లెక్క పెట్టారు. తక్కువలో తక్కువ అది. కాస్టిక్కో సున్నమో అయితే ఇంకా ఎక్కువసేపు కడగాలి. వ్యానులో కూడా బాటిల్‌తో పోస్తూ వెళ్లాలి.

15 నిమిషాలు అంటే ఎంతసేపు? కన్ను మండుతున్న మనిషికి ఒక్క నిమిషం గంటలా ఉంటుంది. "చాలమ్మా, చాలు" అంటుంది. మనకూ జాలేస్తుంది. ఆపేస్తాం. ఆపకూడదు. ఎసట్లో బియ్యం పోసి, ఉడికి, గంజి వార్చేంత సేపు అనుకోండి. ఒకళ్లు గడియారం చూస్తూ ఉండాలి. ఆ పని ఒకళ్లకే అప్పగించాలి.

ఎన్ని నీళ్లు కావాలి? అమెరికాలో వీటికి ఒక ప్రమాణం రాసుకున్నారు. మన దగ్గర చాలా కంపెనీలు కూడా దాన్నే చూస్తాయి. కంటి కుళాయి నిమిషానికి లీటరున్నర నీళ్లు ఇవ్వాలి. 15 నిమిషాలకు ఎంత? మీరే వెయ్యండి లెక్క. ఇరవై రెండున్నర లీటర్లు. అంటే ఒకటిన్నర బిందె. షవరుకి అయితే నిమిషానికి 75 లీటర్ల పైన కావాలి. నిమిషానికి 5 బిందెలు! 15 నిమిషాలకు 75 బిందెలు. మన వీధి మొత్తానికి ఒక పూట వచ్చే నీళ్లు ఒక్క మనిషికి. ఎందుకంత? సన్నగా తడిపితే ఒంటి మీద మందు పలచబడి ఇంకా పాకుతుంది. కొట్టుకుపోవాలంటే వరదలా పడాలి.

ఇప్పుడు అర్థమైంది గదా, గోడకి తగిలించిన చిన్న ఐ వాష్ సీసా ఎందుకు సరిపోదో. అర లీటరు సీసా ఇరవై సెకండ్లకే అయిపోతుంది. పెద్ద కుళాయి దాకా నడిచే లోపల కడుక్కోవడానికి అది పనికొస్తుంది. అంతే.

అదే ప్రమాణంలో ఇంకో మాట ఉంది. కుళాయి 10 సెకండ్ల నడకలో ఉండాలి. మెట్లు ఎక్కకూడదు, దిగకూడదు. దారిలో అడ్డం ఉండకూడదు. ఎందుకంటే ఆ సమయంలో మనిషికి కళ్లు కనపడవు. గోడ తడుముకుంటూ పోవాలి. మరీ గట్టి యాసిడ్, కాస్టిక్ పోసే చోటయితే పక్కనే ఉండాలి. రేకు ఒక్కసారి తోస్తే చాలు, చెయ్యి తీసినా నీళ్లు పడుతూనే ఉండాలి. ఎందుకు? రెండు చేతులూ రెప్పలు విప్పి పట్టుకోవడానికి కావాలి. మంట పుట్టినప్పుడు రెప్పలు వాటంతట అవే బిగుసుకుంటాయి. మూసిన రెప్ప మీద ఎన్ని నీళ్లు పోసినా లోపలికి పోవు. కాబట్టి బొటనవేలు, చూపుడువేలుతో పట్టి తెరవాలి. కనుగుడ్డు పైకీ కిందికీ, అటూ ఇటూ తిప్పాలి. రెప్ప చాటున సున్నం రేణువు దాక్కుంటుంది. దాన్ని నీళ్లే కడిగి తేవాలి.

మన దేశంలోనూ 1982లోనే ఐ.ఎస్.ఐ. వాళ్లు ఈ కుళాయిలకు, షవర్లకు ఒక ప్రమాణం రాశారు. దాని నంబరు 10592. అంటే ఇది కొత్త సంగతి కాదు. తెలియనిది మనకే.

ఇంకొక కష్టం ఉంది. ఇది పుస్తకాల్లో తక్కువ రాస్తారు. మన ఎండల సంగతి. ఇనప గొట్టం డాబా మీదుగా వస్తుంది. మధ్యాహ్నానికి అందులో నీళ్లు సలసల కాగుతాయి. కన్ను మండుతున్న మనిషి ఆ నీళ్లకి ఒక్క నిమిషం కూడా నిలవదు. కుళాయి నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. 38 డిగ్రీలు దాటకూడదు. గొట్టానికి నీడ కట్టమని, గోనె చుట్టమని అడగాలి. చైత్ర వైశాఖాల్లో ఒకసారి మధ్యాహ్నం పన్నెండుకి తిప్పి, చెయ్యి పెట్టి చూడండి. పొద్దున ఎనిమిదింటికి చూస్తే తెలియదు.

షవరు గురించి చెప్పేటప్పుడు ఒక మాట చెప్పాలి. మగవాళ్లు లేరు గదా ఇక్కడ? సరే.

ఇంకో ఫ్యాక్టరీలో జరిగింది. ఒకమ్మాయి, పెళ్లయి ఏడాది కూడా కాలేదు. యాసిడ్ కార్బాయ్ మోసుకుపోతుంటే మూత ఊడింది. నడుం నుంచి మోకాళ్ల దాకా తడిసింది. ఈసారి షవరు పని చేసింది. నీళ్లు బాగానే వచ్చాయి. తోటివాళ్లు వెంటనే కిందికి తోశారు. అంతా సరిగ్గానే చేశారు. ఒక్కటి తప్ప. చీర విప్పలేదు, లంగా విప్పలేదు. చుట్టూ మగవాళ్లు మూగారు. ఆ అమ్మాయి కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుని నిలబడింది. బొడ్డు దగ్గర లంగా బిగించిన చోట బట్ట మడతల్లో యాసిడ్ నిలిచిపోయింది. నీళ్లు అక్కడికి పోలేదు. మిగతా ఒళ్లు బాగానే మానింది. నడుం చుట్టూ, తొడల మీద లోతుగా కాలింది. ఆరు వారాలు మంచంలో ఉంది.

ఆ అమ్మాయిని నేనేమీ అనను. ఆమె చోట నేనున్నా అదే చేసేదాన్ని. కాని తర్వాత మేం కూచుని మాట్లాడుకున్నాం. ఏం చేయొచ్చు? మూడు పనులు చేయొచ్చని తేలింది. షవరు పక్కన గోడకి ఒక దుప్పటి, ఒక నైటీ సంచిలో పెట్టి తగిలించాలి. కడ్డీకి తెర కట్టించాలి. తెర లేనిచోట ఆడవాళ్లం నలుగురం వీపులు లోపలికి, ముఖాలు బయటికి పెట్టి చుట్టూ నిలబడాలి. మగవాళ్లని అరిచి పంపించాలి. సూపర్వైజరైనా సరే. బట్టలు తలమీదుగా లాగకూడదు, ముఖానికి తగులుతుంది. కత్తెరతో కోసెయ్యాలి. గ్లవ్స్ వేసుకుని కోయాలి. కొత్త చీరే, పోతుంది. పోనీయండి.

పొడి సున్నంగాని, పొడి మందుగాని ఒంటి మీద పడితే ముందు దులపాలి. తర్వాత నీళ్లు. పొడి కుప్పగా ఉండగా కొంచెం నీళ్లు పోస్తే అక్కడే ఉడుకుతుంది. కంట్లో పడితే మాత్రం దులపడాలేమీ లేవు, నేరుగా నీళ్లే.

ఇప్పుడు చదువు గురించి. మీరు ఇక్కడ కష్టపడి నేర్చుకుంటున్నారు. ఇది ఎక్కడ పనికొచ్చిందో చెబుతాను.

కంటి కుళాయిని వారానికి ఒకసారి తిప్పి చూడాలి. ఎర్రనీళ్లు పోయి తెల్లనీళ్లు వచ్చేదాకా వదలాలి. గొట్టంలో నిలిచిన నీళ్లలో తుప్పు ఉంటుంది, పురుగూ పుడుతుంది. అదే నీళ్లు కాలిన కంట్లో పోస్తే ఇంకో జబ్బు. తిప్పి చూసినవాళ్లు అక్కడ వేలాడే అట్టమీద తేదీ వేసి సంతకం చేయాలి. నేను పని చేసిన ఒకచోట ఊడ్చే ఆమె ఉండేది. మీలాగే రాత్రి బడిలో చదువుకుంది. అంకెలు, నెలల పేర్లు చదవడం వచ్చింది. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ ఆ అట్ట చదివింది. నా దగ్గరికి వచ్చి, "నర్సమ్మా, ఇది ఏడు నెలల కిందటి తేదీ. ఇప్పుడు ఏ నెల?" అంది.

అప్పటిదాకా ఆ అట్టని ఎంతమంది చూసి ఉంటారు? డిగ్రీలు చదివినవాళ్లు రోజూ దాని ముందునుంచి పోయేవాళ్లు. నేనూ పోయేదాన్ని. వెళ్లి తిప్పాం. ఒక ముక్కు నుంచి కాఫీ రంగు నీళ్లు వచ్చాయి. రెండో ముక్కు పూడుకుపోయింది. సాయంత్రానికి బాగుచేయించారు. ఆ తర్వాత సోమవారం సోమవారం ఆమే తిప్పేది. ఆమే సంతకం పెట్టేది. వంకర టింకర అక్షరాలు, కాని ఒక్క వారం తప్పలేదు.

ఇంకో చదువు, డబ్బాల మీద బొమ్మలు. ఇంగ్లీషు రాకపోయినా ఇది చదవొచ్చు. రెండు గాజు గొట్టాల నుంచి చుక్కలు కారుతూ, ఒకటి చేతి మీద, ఒకటి ఇనప ముక్క మీద పడి తినేస్తున్నట్టు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ ఉంటే కంటినీ ఒంటినీ కాల్చే మందు అని అర్థం. అది ఎత్తే ముందు మీరు రెండు అడగాలి. గాగుల్స్ ఎక్కడ? నీళ్లు ఎక్కడ?

దెబ్బ తగిలి ఆసుపత్రికి పోయేటప్పుడు మందు పేరు చీటీ మీద రాసుకుని పోవాలి. డబ్బా మీద ఉన్నది ఉన్నట్టు చూసి దింపినా చాలు. లేదా సెల్‌ఫోన్లో ఫోటో తీయండి. పేరు తెలియకపోతే డాక్టరు చేతులు కట్టేసినట్టే. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్లో పురుగుమందుల ఫ్యాక్టరీ నుంచి గ్యాసు వచ్చింది. వేలమంది కళ్లు మండుతూ, ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు. అది ఏ గ్యాసో, దానికి ఏం చేయాలో అక్కడి డాక్టర్లకు సరిగా చెప్పినవాళ్లు లేరు. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టం మార్చారు. తాను పని చేసే చోట ఏ ప్రమాదం ఉందో తెలుసుకునే హక్కు కార్మికులకు ఇచ్చారు. 2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం బదులు కొత్త కార్మిక కోడ్ వచ్చింది. అందులోనూ ఆ హక్కు ఉంది. రక్షణ చాలకపోతే యజమానికి చెప్పే హక్కూ ఉంది.

హక్కు ఉంది సరే, అడిగితే రేపు గేటు దగ్గరే ఆపేస్తారు, కాంట్రాక్టరు పేరు కొట్టేస్తాడు అంటోంది ఈ అప్ప. ఆ భయం అబద్ధం కాదు. నేను కాదనను. ఒక్కరే పోయి అడగకండి. నలుగురు కలిసి పొండి. "నీళ్లు రావడం లేదు సార్, మీకోసమే చెబుతున్నాం" అని చెప్పండి. నిజానికి ఆ సారుకీ రెండు కళ్లే ఉన్నాయి. సేఫ్టీ కమిటీ ఉంటే అందులో కార్మికుల తరఫు మనిషి ఎవరో తెలుసుకోండి. చాలాచోట్ల పేరుకే ఉంటుంది. అయినా అడిగితే కదులుతారు. చెప్పిన తేదీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఇప్పుడు రాయడం వచ్చు గదా!

చూపు పోయిన కన్నుకి వైద్యం లేదా అని అడిగారు ఇందాక. కొంత ఉంది. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు ఒక ఆపరేషన్ కనిపెట్టి 2012లో లోకానికి తెలిపారు. మంచి కన్ను నల్లగుడ్డు అంచున ఆవగింజంత ముక్క తీసి, చిన్న చిన్న తునకలు చేసి, కాలిన కంటి మీద నారు నాటినట్టు నాటుతారు. చాలామందికి మేలు జరిగింది. అయితే ముక్క తీయడానికి ఒక కన్నయినా బాగుండాలి గదా. మా ఆమెకి ఇది రావడానికి చాలా ఏళ్ల ముందే కన్ను పోయింది.

ఫ్యాక్టరీకి పోనివాళ్లు, మాకేంటిలే అనుకోకండి. తాంబూలంలో వేసే సున్నం, చిన్న ప్యాకెట్లు, డబ్బీలు ఇంట్లో ఉంటాయి. పిల్లలు దాన్ని ఆటకి నొక్కుతారు. చింది కంట్లో పడుతుంది. పసిపిల్లల కళ్లు అట్లా ఎన్నో పోయాయి. అందకుండా పైన పెట్టండి. పడితే, ఊదకండి. ఆముదం వెయ్యకండి. చనుబాలు వెయ్యకండి. నిమ్మరసం అసలే వద్దు. యాసిడ్‌కి సున్నం, సున్నానికి నిమ్మకాయ విరుగుడు అని కొందరు చెబుతారు. కంట్లో ఆ పరీక్షలు చేయకూడదు, ఇంకా కాలుతుంది. కుళాయి గాని, బోరు గాని, బిందె గాని, తాగే నీళ్ల బాటిల్ గాని, ఏది దగ్గరుంటే అది. బాత్రూం యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలపకండి, విషగాలి పుడుతుంది. పురుగుమందు చిందినా ముందు నీళ్లే. కడుగుతూ ఉండగానే ఇంకొకళ్లు 108కి ఫోన్ చేయొచ్చు. కడగడం ఆపి ఫోన్ చేయనక్కర్లేదు.

ఒక కంట్లోనే పడితే ఎట్లా కడగాలి? మనిషిని పక్కకి ఒరగబెట్టాలి. దెబ్బ తిన్న కన్ను కిందికి, మంచి కన్ను పైకి ఉండాలి. ముక్కు వైపు నుంచి పోస్తే నీళ్లు చెవి వైపు జారిపోతాయి. మంచి కంట్లోకి పోవు. ఎత్తు నుంచి దబదబా కొట్టకూడదు. చెంబుతో మెల్లగా, తెగకుండా పోయాలి.

చెబితే రాదు ఇది. చేసి చూడాలి. అందుకే మీ టీచరమ్మతో చెప్పి రెండు బిందెలు నింపించాను. వాకిట్లో ఉన్నాయి. మంచినీళ్లే. ఇద్దరిద్దరు జతగా రండి. ఒకళ్లు బల్ల మీద పడుకోండి, ఒకళ్లు పొయ్యండి, రెప్పలు పట్టి తెరవడం నేర్చుకోండి. జతకి ఒక్కో చెంబే, చేతులు ముందు సబ్బుతో కడుక్కోండి. ఒక్క జత మాత్రం పూర్తిగా 15 నిమిషాలు చేస్తుంది. మిగతావాళ్లు చూడండి, ఎంతసేపో తెలుస్తుంది.

ఎవరు పడుకుంటారు ముందు? రా పిన్నీ, నువ్వే రా. జుట్టు తడుస్తుంది, ఫరవాలేదు. గడియారం ఎవరి దగ్గర ఉంది? ఇప్పుడు ఎనిమిదీ పది. పలక మీద రాయండి.